ఓడ మీద వాలే విమానానికి కాళ్ళెందుకంత బలం?

(తెలుగు కమ్యూనిటీ రేడియో వారాంతపు విజ్ఞాన కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగానికి అక్షరరూపం)

ఈ వారం మనం యుద్ధ విమానాల గురించి మాట్లాడుకుందాం. కంగారు పడకండి, యుద్ధాల గురించి కాదు. నేల మీద రన్‌వేపై దిగే ఫైటర్ జెట్‌కీ, సముద్రంలో ఓడ మీద దిగే ఫైటర్ జెట్‌కీ తేడా ఏమిటి, ఆ తేడా ఎందుకొచ్చింది అన్నదే విషయం.

శాన్ డియాగోలో మిడ్‌వే, బే ఏరియాలో ఆలమీడా దగ్గర హార్నెట్, న్యూయార్క్‌లో ఇంట్రెపిడ్. ఈ మూడూ ఒకప్పటి విమానవాహక నౌకలు, ఇప్పుడు మ్యూజియంలు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు మనలో చాలామంది వీటిలో ఏదో ఒకటి చూపించే ఉంటాం. విమానాల ముందు నిలబడి ఫొటోలు దిగుతాం, వచ్చేస్తాం. ఈసారి వెళ్ళినప్పుడు ఆ విమానాల కాళ్ళకేసి చూడండి. అసలు కథంతా అక్కడే ఉంది.

ముందు కొంచెం చరిత్ర. 1911 జనవరి 18న శాన్‌ఫ్రాన్సిస్కో బేలో లంగరేసి ఉన్న పెన్సిల్వేనియా అనే యుద్ధనౌక మీద యూజీన్ ఈలీ అనే పైలట్ విమానం దించాడు. ఓడ మీద విమానం దిగడం ప్రపంచంలో అదే మొదలు. చెక్క వేదిక మీద అడ్డంగా తాళ్ళు కట్టి, ఒక్కో తాడు రెండు కొసలకీ ఇసుక మూటలు తగిలించారు. విమానం కిందనున్న కొక్కేలు ఆ తాళ్ళను పట్టుకుని మూటలను ఈడ్చుకుంటూ ఆగాయి. ఇసుక మూటలు పోయి ఉక్కు కేబుళ్ళు, వాటి వెనక భారీ యంత్రాలు వచ్చాయి గానీ, సూత్రం మాత్రం ఈనాటికీ అదే.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. పెద్ద ఎయిర్‌పోర్టుల్లో రన్‌వే ఎనిమిది, పది వేల అడుగులుంటుంది. అమెరికా పెద్ద నౌకల మీద విమానం దిగడానికి ఉన్న చోటు 800 అడుగుల లోపే. పైగా అది ముందుకు కదులుతుంటుంది, అలలకు లేచి పడుతుంటుంది. మనం ఎక్కే విమానంలో పైలట్ చివరి క్షణంలో ముక్కు కాస్త పైకెత్తి మెల్లగా చక్రాలు ఆనిస్తాడు. ఓడ మీద ఆ సున్నితం కుదరదు. ముక్కెత్తి నాలుగు క్షణాలు గాలిలో తేలితే కేబుళ్ళన్నీ దాటిపోతాయి. అందుకే నేవీ పైలట్ ఒకే వాలులో, అదే వేగంతో దిగి డెక్‌ను గుద్దుతాడు.

ఎంత గట్టిగా? నేల మీద దిగే ఫైటర్ కాళ్ళను మామూలుగా సెకనుకు 10 అడుగుల వేగంతో కిందికి దిగినా తట్టుకునేట్టు డిజైన్ చేస్తారు. ఎఫ్/ఏ-18 లాంటి నేవీ విమానానికి ఆ అంకె సెకనుకు 24 అడుగుల ప్రాంతంలో ఉంటుంది. రెండున్నర రెట్లే కదా అనుకోకండి. స్కూల్లో చదువుకున్నదే: శక్తి వేగానికి వర్గం చొప్పున పెరుగుతుంది. అంటే కాళ్ళు మింగాల్సిన శక్తి దాదాపు ఆరు రెట్లు. ఇంకోలా చెప్తాను. మొదటిది విమానాన్ని అడుగున్నర ఎత్తు నుంచి కింద పడేసినట్టు. రెండోది తొమ్మిది అడుగుల ఎత్తు నుంచి. దిగేటప్పుడు ఈ విమానం బరువు ముప్పై వేల పౌండ్ల పైచిలుకు ఉండొచ్చు. పది క్యామ్రీలను కలిపి కట్టి ఇంటి కప్పు మీంచి తోసినట్టన్నమాట. అయినా ఏమీ విరగకూడదు. కాసేపటికి మళ్ళీ ఎగరాలి.

మనం గోడ మీంచి దూకినప్పుడు మోకాళ్ళు వంచుతాం. వంచకపోతే ఆ దెబ్బ నడుముకు తగులుతుంది. విమానం చేసేదీ అదే. కాలి లోపల నూనె, నైట్రోజన్ నింపిన గొట్టం ఉంటుంది, మన స్కూటర్ షాక్ అబ్జార్బర్‌కి పెద్దన్నయ్య. ఎఫ్/ఏ-18 వెనక కాళ్ళను పక్కనుంచి చూస్తే నిజంగానే మోకాలు వంచినట్టు కనిపిస్తాయి. కాలు ఎంత దూరం కుంగితే దెబ్బ అంత పలచబడుతుంది.

కాళ్ళతోనే పని అయిపోదు. తోక కింద ఉండే కొక్కెం కేబుల్‌ను పట్టుకున్నాక రెండు మూడు సెకన్లలో, 300 అడుగుల పైచిలుకు దూరంలో విమానం ఆగిపోతుంది. ఆ లాగుడు వెన్నెముక పొడుగునా పాకుతుంది కాబట్టి లోపలి చట్రం కూడా బలంగా ఉండాలి. విచిత్రమేమిటంటే, చక్రాలు ఆనగానే పైలట్ ఇంజన్ తగ్గించడు, పూర్తిగా పెంచుతాడు. కొక్కేనికి కేబుల్ దొరక్కపోతే మళ్ళీ పైకి లేవాలి కదా! 2016 మార్చిలో ఐసెన్‌హోవర్ నౌక మీద కేబుల్ తెగి ఎనిమిది మంది నావికులు గాయపడ్డారు. దిగుతున్న ఈ-2సి విమానం డెక్ అంచు దాటి కిందికి జారి, నీళ్ళను తాకకుండా పైకి లేచి, క్షేమంగా నార్‌ఫోక్ చేరింది. ఇంజన్ల జోరే వాళ్ళని కాపాడింది.

ఇక ముందు కాలు. ఎఫ్-16కి ముందు చక్రం ఒకటే. ఓడ మీంచి కాటపుల్ట్‌తో ఎగిరే జెట్‌లకు రెండు చక్రాలు, వాటి ముందు ఒక చిన్న ఉక్కు కడ్డీ ఉంటాయి. కాటపుల్ట్ ఆ కడ్డీని పట్టుకుని రెండు సెకన్లలో గంటకు 150 మైళ్ళ పైన వేగానికి లాగి విసురుతుంది. విమానం బరువంతా ఆ ఒక్క కాలు పట్టుకుని ఈడ్చినట్టే.

సరే, నేల మీద విమానానికే గట్టి కాళ్ళు, ఒక కొక్కెం తగిలిస్తే సరిపోదా? ఈ ప్రశ్నకు జవాబు వెతకడంలో ఏళ్ళూ, కోట్ల డాలర్లూ ఖర్చయ్యాయి. 1975 జనవరిలో ఎయిర్‌ఫోర్స్ పోటీలో వైఎఫ్-16 గెలిచింది, వైఎఫ్-17 ఓడింది. ఒకే ఇంజన్, ఇరుకైన చక్రాల అమరిక ఉన్న ఎఫ్-16 నేవీకి నచ్చలేదు. ఓడిన విమానాన్ని తీసుకుని మార్చారు. కాళ్ళు బలపరిచి ఎడంగా పెట్టారు. ఆ బరువు మోయడానికి రెక్కలు పెంచారు. డెక్ మీద చోటు కోసం ఆ రెక్కలకు మడత పెట్టారు. నేవీ అడిగినంత దూరం పోవడానికి ఇంధనం పెంచారు. తడిసి మోపెడై, మొత్తం బరువు పదివేల పౌండ్లు పెరిగింది. 1978 నవంబరులో ఎగిరిన ఎఫ్/ఏ-18 పేరుకే పాత విమానం, లోపల పూర్తిగా కొత్తది.

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్ళకు ఇది తెలిసిన బాధే. చివర్లో వచ్చే చిన్న రిక్వైర్‌మెంట్ ఒక్కచోట ఆగదు. రెండంతస్తులకు వేసిన పునాది మీద ఐదంతస్తులు లేపినట్టే.

ఇటీవలి ఉదాహరణ ఎఫ్-35. ఎయిర్‌ఫోర్స్ రకానికి రెక్కల వైశాల్యం 460 చదరపు అడుగులు, నేవీ రకానికి 668. పెద్ద రెక్కలుంటే నెమ్మదిగా దిగొచ్చు. అయినా 2011లో న్యూజెర్సీ లేక్‌హర్స్ట్‌లో చేసిన పరీక్షల్లో దాని కొక్కెం కేబుల్‌ను పట్టుకోలేకపోయింది. వెనక చక్రాలకూ కొక్కేనికీ మధ్య దూరం ఏడడుగులే. చక్రాలు తొక్కిన కేబుల్ మళ్ళీ పైకి లేచేలోపే కొక్కెం దాని మీంచి జారిపోయేది. కొక్కెం కొన మార్చి, అది ఎగిరిపడకుండా కట్టుదిట్టం చేశాక, 2014 నవంబరు 3న నిమిట్జ్ నౌక మీద మొదటిసారి దిగింది.

మన దేశానికీ ఇదే పాఠం ఎదురైంది. వైమానిక దళం కోసం గీసిన తేలికపాటి తేజస్‌ను నౌకాదళానికి మలిచినప్పుడు కాళ్ళు బలపరచాల్సి వచ్చింది, బరువు పెరిగింది. ఆయుధాలతో నౌక మీంచి పనిచేయడానికి అది బరువెక్కువని 2016 డిసెంబరులో నౌకాదళ అధిపతి చెప్పేశారు. అయినా ఇంజనీర్లు వదల్లేదు. 2020 జనవరి 11న తేజస్ విక్రమాదిత్య మీద కేబుల్ పట్టుకుని దిగింది. ఆ అనుభవంతోనే రెండు ఇంజన్ల నౌకాదళ విమానాన్ని కొత్తగా డిజైన్ చేస్తున్నారు. ఈలోగా అవసరానికి 26 రఫేల్-ఎమ్ విమానాల కోసం 2025 ఏప్రిల్‌లో ఒప్పందం చేసుకున్నారు. రఫేల్‌కి నౌకాదళ రకాన్ని మొదటినుంచీ లెక్కలో పెట్టుకునే గీశారు.

గమ్మత్తేమిటంటే తిరుగు దారి తేలిక. నేవీ కోసం పుట్టిన ఎఫ్-4 ఫాంటమ్‌ను అమెరికా ఎయిర్‌ఫోర్స్ సంతోషంగా వాడుకుంది. సముద్రమే లేని స్విట్జర్లాండ్ ఎఫ్/ఏ-18లు కొనుక్కుంది. అక్కర్లేని బలం మోసేవాడు కాస్త ఆయాసపడతాడంతే. అవసరమైన బలం లేనివాడు మాత్రం మొదటి దెబ్బకే కూలబడతాడు.

ఇంట్రెపిడ్ మ్యూజియం సేకరణలో ఎఫ్-14, ఎఫ్-16 రెండూ ఉన్నాయి. పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు ఏది ఓడ విమానమో రెక్కలు, బొమ్మలు చూడకుండా కాళ్ళు మాత్రమే చూసి చెప్పమనండి. ముందు చక్రాలు లెక్కపెడితే చాలు, ఇట్టే పట్టేస్తారు. ఎందుకలా అని అడిగితే ఏం చెప్పాలో ఇప్పుడు మీకు తెలుసు.

వచ్చేవారం మరో విషయంతో కలుసుకుందాం. అంతవరకూ సెలవు.