ఈ పన్నీరు బూడిదపాలు కాలేదు!

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. కట్టేముందు ఇటుకనూ ఓసారి చూద్దాం.

ఎర్ర ఇటుకకు పంటనిచ్చే పైమట్టి కావాలి, కాల్చడానికి బొగ్గూ కావాలి. థర్మల్ కేంద్రాల్లో మిగిలే బూడిదకు సున్నం, జిప్సం కలిపితే బట్టీతో పనిలేకుండా, నీళ్లతో తడుపుతుంటేనే ఇటుక గట్టిపడుతుందని 1999కి ముందే చూపించారు విశాఖ శాస్త్రవేత్తలు ఎన్.భానుమతీదాస్, ఎన్.కాళిదాస్. ఈ పద్ధతి పేరు ఫాల్-జి.

తెలివి ఒక్కటే చాలదు, బూడిద చేతికందాలి కదా! 1999 సెప్టెంబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. థర్మల్ కేంద్రాలు పదేళ్లపాటు బూడిదను ఉచితంగా ఇవ్వాలి. 50 కిలోమీటర్లలోపు ఇటుక బట్టీలు మట్టిలో కనీసం నాలుగో వంతు బూడిద కలపాలి. 2002లో పరవాడ దగ్గర సింహాద్రి కేంద్రం మొదలయ్యేనాటికే ఆ నిబంధన ఉంది. 2021 డిసెంబరు ఉత్తర్వు మరింత బిగించింది: వాడకుండా మిగిల్చిన బూడిదకు టన్నుకు 1,000 రూపాయల పరిహారం కట్టాలి.

బూడిద చెరువులు ఎండితే గాలికి లేచే దుమ్ము పడేది పక్క ఊళ్లలో ఆరేసిన బట్టల మీద, మూతలేని బిందెల్లో. ఊడ్చుకునేదీ, కడుక్కునేదీ ఆడవాళ్లే.

అందుకే మేస్త్రీ ఇటుకల లెక్క చెప్పేటప్పుడు బూడిద ఇటుకల ధర కూడా అడగండి. అంచులు సూటిగా ఉండాలి, రెండింటిని తట్టితే ఖంగుమనాలి. ఉత్తర్వు బూడిదను గేటు దాటిస్తుంది, గోడదాకా తెచ్చేది కొనేవాళ్లే!