రెండు రౌటర్లున్నా చిరునామాలిచ్చే బాధ్యత ఒకదానికే

జంషెడ్‌పూర్: ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకొని తెలుగు కుటుంబాలు సైతం స్థిరపడిన ఈ నగరంలోనైనా, మరెక్కడైనా, మేడపైకి వైఫై అందకపోతే రెండో రౌటర్ పెట్టుకోవడం మామూలే. ఆ తరువాత సిగ్నల్ నిండుగా ఉన్నా కొన్ని ఫోన్లకు ఇంటర్నెట్ రాకపోతే, లోపం సర్వీసు సంస్థది కాకపోవచ్చు.

నెట్‌వర్క్‌లో చేరిన ప్రతి పరికరానికీ ఐపీ చిరునామాను కేటాయించే విధానమే డీహెచ్‌సీపీ. ఇది 1993లో ప్రమాణంగా వెలువడింది. చిరునామా కోరిన పరికరం సాధారణంగా ముందుగా బదులిచ్చిన రౌటర్ మాటనే స్వీకరిస్తుంది. రెండు రౌటర్లూ బదులిస్తే ఒకే చిరునామా రెండు పరికరాలకు దక్కవచ్చు. లేదా బయటికి దారి లేని రౌటర్‌నే పరికరం ద్వారంగా భావించవచ్చు.

పరిష్కారం సులువే. ముందుగా రెండో రౌటర్‌ను విడిగా కంప్యూటర్‌కు కలిపి, దాని సొంత చిరునామాను మార్చాలి. ప్రధాన రౌటర్‌ది 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వవచ్చు. అయితే ప్రధాన రౌటర్ పంచే వరుసలో ఆ సంఖ్య ఉండకూడదు. తరువాత రెండో రౌటర్‌లో డీహెచ్‌సీపీని నిలిపివేసి, రెండింటి ల్యాన్ పోర్టులను కేబుల్‌తో కలపాలి. ‘యాక్సెస్ పాయింట్’ మోడ్ ఉంటే ఈ మార్పులు చాలావరకు వాటంతటవే జరుగుతాయి. చివరగా పరికరాల్లో వైఫైని ఆపి మళ్లీ ఆన్ చేస్తే సరైన చిరునామా అందుతుంది.