వెనక బంపర్ బలమంతా పట్టులోనే

రాళ్ల వాగుల్లో, కొండదారుల్లో బండి నడపడం అమెరికాలో చాలామందికి వ్యసనంలాంటి ఇష్టం. ఉటా రాష్ట్రంలోని మోయాబ్, కాలిఫోర్నియాలోని రూబికాన్ దారి అందుకు పేరుపడ్డాయి. అక్కడ తిరిగే బండ్లలో చాలావాటికి కంపెనీ బంపర్ ఉండదు. యజమాని తన షెడ్డులోనే ప్లేటు కోసి, మడిచి, వెల్డింగ్ చేసి తయారుచేసుకున్న ఉక్కు బంపర్ ఉంటుంది. అందులోనూ వెనక బంపర్‌ది కష్టమైన పని. ఎత్తైన బండ మీంచి దిగేటప్పుడు ముందు చక్రాలు, వెనక చక్రాలు దిగిపోయాక ఆఖరున బండి తోక బండకు తగులుతుంది. బురదలో కూరుకుపోతే తాడు తగిలించి వెనక్కి లాగేదీ అక్కడే. పెద్ద స్టెప్నీ టైరు డిక్కీలో పట్టకపోతే దాన్ని మోయాల్సిందీ ఆ బంపరే. ఇన్ని పనులున్న వస్తువును కట్టేటప్పుడు ఎక్కువమంది మొదట అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే: ప్లేటు ఎంత మందం వెయ్యాలి? ఆ ప్రశ్న రెండోదిగా ఉండాలని నా వాదన. బంపర్ బండికి ఎక్కడ, ఎలా పట్టుకుని ఉందన్నది మొదటిది. దానికి సరైన జవాబు లేకపోతే మిగతా ఇనుమంతా అలంకారమే.

జీప్ చెరోకీ ఎక్స్‌జే బండినే తీసుకుందాం. 1984 మోడల్‌గా వచ్చి, అమెరికాలో 2001 దాకా తయారైన బండి ఇది. సొంత చేతులతో మార్పులు చేసుకునేవాళ్లకు దీనంత ఇష్టమైన బండ్లు తక్కువ. లారీకో బొలేరోకో ఉన్నట్టు దీనికి విడి చాసీ లేదు. రేకును పెట్టెల్లా మడిచి, స్పాట్ వెల్డింగ్‌తో అతికి, బాడీనీ చాసీనీ ఒకే ముక్కగా చేశారు. అడుగున రెండు పక్కలా నిలువునా సాగే పెట్టె ఆకారపు రెయిళ్లే చాసీ పని చేస్తాయి. వాటి గోడలు మాత్రం పలుచటి రేకే. ఆ బండికి వచ్చే మామూలు బరువుకు అవి చక్కగా సరిపోతాయి, ఎందుకంటే బరువు రెయిలు పొడవునా పంచుకుపోతుంది. అదే రెయిలు కొసన రెండు బోల్టులు బిగించి బరువైన బంపర్ వేలాడదీస్తే, ప్రతి దెబ్బా ఆ బోల్టు రంధ్రాల మీదే పడుతుంది. కొన్నాళ్లకు రంధ్రం సాగుతుంది, రేకు చీలుతుంది. ద్వారబంధం టేకుదే అయినా గోడ మట్టిదైతే తలుపు ఎన్నాళ్లు నిలుస్తుంది?

కాబట్టి మంచి బంపర్ పని బంపర్ దగ్గర కాకుండా బండి కింద మొదలవుతుంది. రెయిలు పక్కనే ఆనుకుని ముందుకు సాగే పొడవాటి ప్లేట్లు కోయాలి. వాటిని ఒక్క చోట కాక నాలుగైదు చోట్ల, వీలైతే పక్కనుంచీ కిందనుంచీ కూడా, బోల్టులతో పట్టించాలి. పెట్టె రెయిలుకు అడ్డంగా బోల్టు వేసి గట్టిగా బిగిస్తే రెండు గోడలూ లోపలికి నొక్కుకుపోతాయి. బిగువు ఉన్నట్టే కనిపిస్తుంది, నాలుగు గుంతలు దాటేసరికి వదులవుతుంది. అందుకే గోడ నుంచి గోడకు సరిగ్గా సరిపోయే పైపు ముక్కను రెయిలు లోపల పెట్టి, దాని గుండా బోల్టు పోనిస్తారు. అప్పుడు బిగింపు బలాన్ని రేకు బదులు పైపు మోస్తుంది. పని పూర్తయ్యాక బయటికి కనిపించని ముక్క ఇది. బంపర్ ఆయుష్షు మాత్రం సగం దీనిలోనే ఉంటుందని నా నమ్మకం. దీనికంటే ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది. మిషిగన్, ఒహాయో లాంటి చలి రాష్ట్రాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు రెయిళ్ల లోపల చేరి, పైకి రంగు బాగానే కనిపిస్తున్నా లోపలినుంచి తినేస్తుంది. సుత్తితో తట్టుకుంటూ పోతే పుచ్చిన చోట శబ్దం మారిపోతుంది. అలాంటి రెయిలుకు కొత్త బంపర్ పట్టించడం కంటే పాత బంపర్‌తో ఊరుకోవడమే క్షేమం.

లాగడం సంగతి మరీ ముఖ్యం, ఎందుకంటే ఇక్కడ తప్పు జరిగితే మనుషుల ప్రాణాలు పోతాయి. బురదలో ఇరుసుదాకా దిగిన బండిని కదపడానికి దాని సొంత బరువుకు మించిన బలం పట్టవచ్చు. సాగే తాడుతో ఊపు తీసుకుని లాగితే ఆ బలం క్షణంలో వచ్చి పడుతుంది. ట్రైలర్ తగిలించే ఉక్కు గుండుకు తాడు వేసి లాగినప్పుడు గుండు విరిగి, తుపాకీ గుండులా దూసుకొచ్చి మనుషుల్ని చంపిన సంఘటనలు ఉన్నాయి. ఆ గుండు ట్రైలర్‌ను మోయడానికి చేసింది, ఇలాంటి ఈడ్పుకు కాదు. అందుకే బంపర్‌కు విడిగా షాకిళ్లనే కొక్కేలు వేసుకునే చెవులు ఉండాలి. సాధారణంగా వాడే ముప్పావు అంగుళం షాకిల్ 4.75 టన్నుల పనిబరువుకు తయారైంది. చెవి, దాని వెల్డింగ్, వెనకనున్న బోల్టులు, రెయిలు అన్నీ ఆ స్థాయికి తూగకపోతే షాకిల్ మీద అచ్చుపోసిన అంకె మనల్ని మోసం చేసినట్టే. చెవిని ప్లేటు పైన అతికించి వదిలేస్తే ఈడ్పు వెల్డింగ్‌ను తొక్క ఒలిచినట్టు లాగుతుంది. ప్లేటుకు గాడి కోసి, చెవిని దాని గుండా దూర్చి, ముందూ వెనకా వెల్డింగ్ చేసి, వీలైతే రెయిలు పక్క ప్లేటుతోనే కలిపేస్తే ఈడ్పు నేరుగా బండికి చేరుతుంది.

ఇంత చెప్పినా, మందం పెంచితే తప్పేముంది, ఎంత గట్టిదైతే అంత మంచిదే కదా అనేవారు ఉంటారు. వాళ్ల మాటలో కొంత నిజం ఉంది. బండరాయి మొన తగిలితే మందపు ప్లేటుకు సొట్ట తక్కువ పడుతుంది. కానీ ఉక్కుకు బరువుంది. చదరపు మీటరు ప్లేటు ప్రతి మిల్లీమీటరు మందానికీ 7.85 కిలోలు తూగుతుంది. 5 మిల్లీమీటర్ల బదులు 6 వేస్తే మొత్తం బరువు 20 శాతం పెరుగుతుంది. అదే 5 మిల్లీమీటర్ల ప్లేటు అంచును మడిచి పెట్టె ఆకారం తెస్తే, బరువు పెద్దగా పెరగకుండానే బిగువు ఎన్నో రెట్లు వస్తుంది. నిలువుగా నిలబెట్టిన పట్టీ లోతు రెండింతలు చేస్తే బరువు రెండింతలే అవుతుంది, వంగకుండా నిలిచే బిగువు ఎనిమిదింతలు అవుతుంది. ఇక ఆ బరువు ఎక్కడ కూర్చుంటుందో చూడండి. బంపర్, స్టెప్నీ, దాన్ని మోసే చెయ్యి కలిపి 90 కిలోలు అనుకుందాం. అది వెనక ఇరుసుకు మీటరు వెనక వేలాడుతుంది. ఎక్స్‌జేలో ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం సుమారు 2.58 మీటర్లు. లెక్క కడితే వెనక ఇరుసు మీద 125 కిలోలు పెరుగుతాయి, ముందు ఇరుసు మీద 35 కిలోలు తగ్గుతాయి. అంటే వెనక కమాన్లు కుంగుతాయి, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలోకి లేస్తాయి, ముందు చక్రాలకు నేల మీద పట్టు సడలుతుంది. బండరాళ్లకు అందకుండా తోక ఎత్తుగా ఉండాలని కట్టిన బంపరే తోకను కిందికి దించుతుంది.

స్టెప్నీ మోసే చెయ్యికి కూడా ఇదే సూత్రం. మడత తిరిగే ఇరుసును బంపర్ పై ప్లేటుకు మాత్రమే అతికిస్తే ఆ చోట పగులు ఖాయం. ఆ ఇరుసు పై ప్లేటునూ అడుగు ప్లేటునూ దాటి పోవాలి. మూసినప్పుడు టైరు బరువు గొళ్లెం మీద వేలాడకుండా ఏటవాలు దిమ్మ మీద కూర్చోవాలి.

దీనికన్నా బలమైన అభ్యంతరం మరొకటుంది. రోడ్డు మీద వెనకనుంచి ఎవరైనా గుద్దితే ఇంత బిరుసైన బంపర్ మేలు చేస్తుందా, కీడు చేస్తుందా? నిజాయితీగా చెప్పాలంటే రెండూ. నెమ్మదిగా తగిలే దెబ్బకు బాడీ రేకు నలగకుండా కాపాడుతుంది. వేగంగా తగిలితే నలిగి శక్తిని మింగాల్సిన భాగం నలగదు, ఆ కుదుపు లోపలివాళ్ల మెడల మీదికీ ఎదుటి చిన్న కారు మీదికీ పోతుంది. ఎక్స్‌జేలో ఇంధన ట్యాంకు కూడా వెనక ఇరుసు దాటాక, డిక్కీ అడుగునే ఉంటుంది. 2013లో అమెరికా రహదారి భద్రతా సంస్థ ఒత్తిడితో క్రైస్లర్ కంపెనీ వెనక ట్యాంకు ఉన్న పాత గ్రాండ్ చెరోకీ, లిబర్టీ బండ్లను సుమారు 15.6 లక్షలు వెనక్కి పిలిచి, ట్రైలర్ లాగే హిచ్ బిగించింది. నెమ్మది, మధ్యరకం వేగాల గుద్దుళ్లలోనే అది కొంత మేలు చేస్తుందని ఆ సంస్థే చెప్పింది. ఆ బండ్లలో ఎక్స్‌జే లేదు గానీ పాఠం దీనికీ వర్తిస్తుంది: ట్యాంకు వైపు పొడుచుకొచ్చే మొన, కొక్కెం, బోల్టు తల ఏదీ బంపర్ లోపలి వైపు ఉండకూడదు. అమెరికాలో బంపర్ల మీద ఉన్న కేంద్ర నిబంధన గంటకు 4 కిలోమీటర్ల స్వల్ప తాకిడికి సంబంధించింది, అదీ కార్లకే, ఇలాంటి బండ్లకు కాదు. కాబట్టి ఆ జాగ్రత్త కట్టేవాడి బాధ్యతే.

మన దగ్గర థార్, జిమ్నీ కొన్న కుర్రాళ్లకూ ఈ మోజు పట్టింది. అవి చాసీ ఉన్న బండ్లు గనుక పట్టు సులువుగా దొరుకుతుంది. అయితే చట్టం వేరు. వాహనాల ముందు బిగించే క్రాష్ గార్డులు, బుల్ బార్లు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు రాసింది. కంపెనీ ఇచ్చిన అసలు రూపానికి భిన్నంగా బండిని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో అనుమతి లేని ప్రతి మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడే వీలుంది. జనం, ద్విచక్ర వాహనాలు కిక్కిరిసిన మన వీధుల్లో ఈ కట్టడి సబబే అని నేననుకుంటాను. విజయవాడ బెంజ్ సర్కిల్‌లో పదునైన ఉక్కు మూలతో పనేముంది?

ఇక చేతిపని. మొదట అట్టముక్కలతో ఆకారం కత్తిరించి బండికి ఆనించి చూసుకుంటే ప్లేటు వృథా కాదు. వెల్డింగ్ చుక్కలు మాత్రం బండి మీద పెట్టి, పూర్తి వెల్డింగ్‌కు బంపర్‌ను కిందికి దింపాలి. ట్యాంకు పక్కన నిప్పు రాజెయ్యడం వెర్రితనం. అతుకు పడే చోట ప్లేటు మీది నల్లటి పొరను గ్రైండర్‌తో తియ్యకపోతే వెల్డింగ్ పైపైనే అంటుకుంటుంది. జింకు పూత ఉన్న ఇనుమైతే ఆ పొగ పీల్చినవాళ్లకు జ్వరం వస్తుంది, పూత గీకేసి పని మొదలుపెట్టాలి. 5 మిల్లీమీటర్ల ప్లేటును చిన్న ఇంటి మెషీన్‌తో అతికిస్తే పైకి అందంగా ఉన్నా లోపలికి దిగి ఉండకపోవచ్చు. అలంకార భాగాలు మీరే చేసుకోండి. తాడు తగిలించే చెవులు, రెయిలు పక్క ప్లేట్లు మాత్రం అనుభవమున్న వెల్డరుకు అప్పగించండి. అందరి బంపర్లలోనూ ముందు చూడాల్సిన భాగాలవే.