ఇంటిలో కేబులు మోడెము అమరిక

ఇంటికి క్రొత్తగా రేడియో వచ్చిన దినములు పెద్దలకు జ్ఞాపకముండును. డాబాపై ఏరియలు తీగ కట్టుట, ఎర్తు తీగను తడినేలలో పాతుట, స్విచ్చి వేసి వాల్వులు వేడెక్కువరకు వేచియుండుట, ముల్లును మెల్లగా త్రిప్పి స్టేషనును పట్టుట - ఇవన్నియు ఇంటివారే నేర్చుకొనిరి. పెట్టెలోపలి మర్మమంతయు తెలియకున్నను, దానికి ఏమి కావలెనో తెలిసియుండుటచే దానిని చక్కగా వాడుకొనిరి. నేడు కంప్యూటరునకు ఇంటర్నెట్టును తెచ్చు కేబులు మోడెము విషయమునను ఇట్టి తెలివిడియే కావలెను.

ఒక పర్యాయము మా ఇంటిలో ఒక ఉద్యోగపు దరఖాస్తు పంపుటకు తుదిదినమున మోడెము పనిచేయదయ్యెను. అదే కేబులుపై టెలివిజను చక్కగా వచ్చుచుండెను. కావున కేబులులో లోపము లేదని నిశ్చయించి, మొదట మోడెమును, పిదప కంప్యూటరును, తుదకు కేబులు ఆపరేటరును నిందించితిమి. దరఖాస్తు పొరుగింటినుండి పోయినది. మరునాడు తేలిన దేమనగా, టెలివిజను బొమ్మ స్పష్టముగా వచ్చుటకై మేమే ఎన్నడో గోడకు బిగించిన చిన్న బూస్టరు అడ్డుపడుచున్నది. టెలివిజనుకు మేలుచేసిన వస్తువు మోడెమునకు ఎట్లు కీడు చేసినది? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసినచో మోడెము సంగతి సగము తెలిసినట్లే.

మోడెము అనునది మాడ్యులేటరు, డీమాడ్యులేటరు అను రెండు మాటల తొలిభాగములు కలిసి యేర్పడిన పేరు. కంప్యూటరు పంపు అంకెలను తరంగములపై ఎక్కించుట, వచ్చిన తరంగములనుండి అంకెలను దింపుట దాని పని. ఇంటికి వచ్చు కోయాక్సియల్ కేబులులో నడుమ ఒక లోహపు తీగ, దానిచుట్టు తెల్లని నురుగువంటి పొర, ఆపైన లోహపు అల్లిక, అన్నిటికిని పైన నల్లని తొడుగు ఉండును. పాత మీడియం వేవు రేడియో 531 మొదలు 1602 కిలోహెర్ట్జుల వరకు వినును. ఈ కేబులు ఇంచుమించు 5 మొదలు 1000 మెగాహెర్ట్జుల వరకు మోయును. ఇందు క్రింది భాగము, అనగా కొన్ని దేశములలో 42, కొన్నిటిలో 65 మెగాహెర్ట్జుల వరకు, మన ఇంటినుండి ఆపరేటరు కార్యాలయమునకు పోవు సందేశములకై సాధారణముగా కేటాయింపబడినది. పై భాగమున కార్యాలయమునుండి మనకు టెలివిజను కార్యక్రమములు, ఇంటర్నెట్టు సమాచారము వచ్చును.

కావున రేడియో వినుట మాత్రమే చేయును. మోడెము వినును, పలుకును. టెలివిజను సైతము వినునదే. మా బూస్టరు వచ్చు తరంగములను పెంచుచు, పోవు తరంగములను ఆపివేయుచుండెను. మోడెము అన్నియు వినుచుండెను గాని దాని పలుకు వీధి దాటలేదు. కేబులు కుదురుగా ఉన్నదనుటకు టెలివిజను సాక్ష్యము చాలదని నాడు నేర్చుకొంటిమి.

ఈ సంభాషణకు ఒక కట్టుబాటు కావలెను. అమెరికాలోని కేబుల్‌ల్యాబ్స్ సంస్థ 1997లో డాక్సిస్ అను ప్రమాణమును వెలువరించినది. 2006లో వచ్చిన 3.0 తరగతి అనేక చానళ్ళను కలిపి ఒక్కటిగా వాడుకొను పద్ధతిని తెచ్చినది. 2013లో 3.1 తరగతి వచ్చినది. మోడెమును మనమే కొనుచున్నచో, అది ఏ తరగతికి చెందినదో, ఆపరేటరు దానిని అంగీకరించునో లేదో ముందుగా అడుగవలెను. కొన్ని ఇండ్లకు ఇప్పుడు రాగికి బదులు సన్నని గాజుపోగు వచ్చుచున్నది. అచటి పెట్టె వేరు. మేము చెప్పునది కోయాక్సియల్ కేబులు వచ్చు ఇండ్లనుగూర్చియే.

ఇక అమరిక. ముందుగా కేబులు ఇంటిలో ప్రవేశించు చోటును చూడవలెను. అచట కేబులును టెలివిజనుకు, మోడెమునకు పంచు చిన్న పెట్టె స్ప్లిటరు. రెండు దారుల స్ప్లిటరు వచ్చిన శక్తిని రెండు పాళ్ళు చేయును. అనగా ఒక్కొక్క దారిలో ఇంచుమించు మూడున్నర డెసిబెళ్ళు తగ్గును. ఒకదానివెనుక నొకటిగా మూడు నాలుగు స్ప్లిటర్లున్నచో తుదకు మిగులునది స్వల్పము. కావున మొదటి స్ప్లిటరునుండియే ఒక దారిని నేరుగా మోడెమునకు ఇచ్చి, రెండవ దారిని టెలివిజనులకు పంచుకొనుట మంచిది. కేబులు కొననున్న మరను చేతితో గట్టిగా బిగింపవలెను. నడిమి తీగ వంగరాదు. అల్లికలోని ఒక్క వెంట్రుకయైనను దానిని తాకరాదు.

తరువాత మోడెము అడుగున అంటించిన చీటిని చూడవలెను. అందు 12 అక్షరముల, అంకెల గుర్తు ఒకటి ఉండును. దీనిని మ్యాక్ చిరునామా అందురు. ఆపరేటరు దీనిని తన పట్టికలో చేర్చుకొననిదే మోడెమునకు ప్రవేశము దొరకదు. దానిని కాగితముపై వ్రాసియుంచుకొనుట మేలు.

మొదట కేబులు బిగించి, ఆపైన కరెంటు ఇవ్వవలెను. వెంటనే ఫలితము రాదు. పాత రేడియో వాల్వులవలెనే దీనికిని కొంత వ్యవధి కావలెను. మోడెము మొదట చానళ్ళన్నియు వెదకి తన స్టేషనును పట్టును. రాకకు సంబంధించిన దీపము నిలుకడగా వెలుగును. పిదప అది మెల్లగా పలికి, కార్యాలయమునకు వినబడువరకు స్వరమును పెంచుకొనును. అప్పుడు పోకకు సంబంధించిన దీపము నిలుచును. ఒకే కేబులుపై పలు ఇండ్లవారు పలుకవలెను గనుక, ఎవరు ఏ క్షణమున పలుకవలెనో కార్యాలయపు యంత్రము కాలమును పంచిపెట్టును. సాయంకాలము అందరును ఒక్కసారిగా వాడునప్పుడు వేగము తగ్గుటకు ఇట్టి పంపకమే ఒక కారణము. తుదకు మోడెము తన చిరునామాను, నియమములను అందుకొనగా ఆన్‌లైన్ దీపము వెలుగును. ఇదంతయు కొన్ని నిమిషముల పని. ఓర్పులేక నడుమ స్విచ్చి తీసినచో పని మరల మొదటికి వచ్చును.

దీపములు కుదిరిన పిమ్మట కంప్యూటరు వంతు. ఈథర్నెట్ తీగ కొన యందు 8 రాగి రేకులుండును. దానిని మోడెములోను, కంప్యూటరులోను టక్కుమను చప్పుడు వచ్చువరకు నొక్కవలెను. చిరునామాను తనంత తానే పొందునట్లు అమర్చియున్న కంప్యూటరు వెంటనే పనిచేయును. దాని చిరునామా 169.254 అని మొదలైనచో, దానికి చిరునామా అందలేదని తెలిసికొనవలెను. కంప్యూటరును మార్చినప్పుడు మరియొక చిక్కు కలదు. అనేక మోడెములు మొదట చూచిన కంప్యూటరునే జ్ఞాపకముంచుకొనును. అప్పుడు మోడెము కరెంటు తీసి, ఒక నిమిషము ఆగి, మరల ఇచ్చినచో క్రొత్తదానిని గుర్తించును.

తీగ లేకుండ పలు ఫోనులు, కంప్యూటర్లు వాడుటకు రూటరు కావలెను. నేటి పెట్టెలు అనేకము రెండు పనులును చేయును. దానిని ఇనుప బీరువా వెనుక దాచక, ఇంటి నడుమ కొంచెము ఎత్తున ఉంచవలెను. తయారుచేసినవారు చీటిపై అచ్చువేసిన సంకేతపదమును మొదటిదినముననే మార్చవలెను. డబ్ల్యు.పి.ఎ.2 గాని, అంతకంటె క్రొత్తదగు 3 గాని రక్షణగా ఎన్నుకొనవలెను. వీధి తలుపునకు గడియవేయు ఇంటివారు ఈ తలుపును తెరచియుంచుట తగదు. ఉరుములు సమీపించుచున్నవని తెలిసిన వెంటనే, ఉరుము మొదలు కాకమునుపే, కరెంటు ప్లగ్గును, కేబులును విప్పివేయుట ఏరియలు కాలమునుండి మన ఎరిగిన జాగ్రత్తయే.

ఇంటర్నెట్టు ఆగినప్పుడు కేబులు మొదలు కంప్యూటరు వరకు వరుసగా చూడవలెను. రాక దీపము లేనిచో కేబులును, బిగింపులను చూడవలెను. అది ఉండి పోక దీపము లేనిచో బూస్టరును, స్ప్లిటరును అనుమానింపవలెను. రెండును ఉండి ఆన్‌లైన్ దీపము రానిచో మ్యాక్ చిరునామాతో ఆపరేటరును పిలువవలెను. అన్నియు వెలుగుచున్నచో కంప్యూటరును చూడవలెను. దూరదేశముననున్న బిడ్డ ముఖము చూచుట, విద్యార్థి పరీక్ష రుసుము చెల్లించుట, ఉద్యోగపు దరఖాస్తు గడువులోగా పంపుట ఈ తీగపై ఆధారపడియున్న దినములలో, ఏ దీపము దేనిని తెలుపునో ఇంటిలో ఒక్కరికైన తెలిసియుండుట అవసరము. నాడు మాకు తెలిసియున్నచో, దరఖాస్తుతో పొరుగింటి తలుపు తట్టవలసిన పని ఉండెడిది కాదు.