ఆ పచ్చని కొండ... ఒకప్పటి చెత్తకుప్ప!

మూడేళ్ల కోసమంటూ మొదలుపెట్టిన డంపింగ్ యార్డు యాభైమూడేళ్లు నడిచింది. దాన్ని పార్కుగా మార్చడానికి మరో మూడున్నర దశాబ్దాలు! చెత్త పారేయడం ఎంత తేలికో, పారేసిన చోటిని మళ్లీ బాగుచేసుకోవడం ఎంత కష్టమో చెబుతుంది న్యూయార్క్‌లోని ‘ఫ్రెష్‌కిల్స్’.

కనుచూపు మేరా గడ్డి. గాలి వీస్తే చాలు... అలలు అలలుగా వంగి లేస్తుంది. కింద మెలికలు తిరుగుతూ ఉప్పునీటి వాగు. సైకిళ్లు తొక్కేవాళ్లు, నడిచేవాళ్లు, పక్షుల్ని చూడటానికి కట్టిన మంచె ఎక్కేవాళ్లు... ఏ పార్కులోనైనా కనిపించే దృశ్యమే. కానీ కాస్త పరికించి చూస్తే దూరంగా పచ్చని గుట్టల మీద అక్కడక్కడా గొట్టాలు పొడుచుకొచ్చి కనిపిస్తాయి. అవెందుకో తెలిస్తే కొత్తగా వచ్చినవాళ్లు ఉలిక్కిపడాల్సిందే. ఎందుకంటే అవి గుట్టలు కావు. దాదాపు పదిహేను కోట్ల టన్నుల చెత్త!

న్యూయార్క్ నగరంలో భాగమైన స్టాటెన్ ఐలాండ్ దీవి పడమటి ఒడ్డున 2,200 ఎకరాల్లో ఉంది ఫ్రెష్‌కిల్స్. డచ్చి భాషలో ‘కిల్’ అంటే వాగు. పేరుకు తగ్గట్టే ఒకప్పుడు అది చేపలకూ పక్షులకూ నెలవైన చిత్తడి నేల. అప్పట్లో అందరి దృష్టిలో మాత్రం పనికిరాని బురద. చెత్తతో మెరక చేస్తే ఇళ్లకో పరిశ్రమలకో పనికొస్తుందని నగర నిర్మాణంలో చక్రం తిప్పిన రాబర్ట్ మోజెస్ ఆలోచన. అలా 1948లో తొలి చెత్త పడింది. మూడేళ్లేగా అన్నారు. ఒకసారి అలవాటయ్యాక ఎవరాపుతారు? 1955 నాటికే ప్రపంచంలోకెల్లా పెద్ద డంపింగ్ యార్డు అయి కూర్చుంది. 1980ల్లో రోజుకి 29 వేల టన్నుల దాకా వచ్చిపడేది. పేరుకుని పేరుకుని నాలుగు కొండలయ్యాయి. వాటిలో పెద్దది 225 అడుగులు... అంటే ఇరవై అంతస్తుల భవనమంత!

మన ‘ఓక్ ట్రీ రోడ్డు’ పక్కనే!

ఈ దీవికి ఆవలి ఒడ్డు న్యూజెర్సీ. గోంగూర పచ్చడి నుంచి పట్టుచీరల వరకూ దొరికే ఓక్ ట్రీ రోడ్డు ఉన్న ఎడిసన్, ఐజలిన్‌లు అక్కడికి మరీ దూరమేమీ కాదు. వేలాది తెలుగు కుటుంబాలు ఆ చుట్టుపక్కలే స్థిరపడ్డాయి. ఐజలిన్ ఉన్న ఉడ్‌బ్రిడ్జ్ టౌన్‌షిప్‌కి ఈ చెత్తతో పాత గొడవే ఉంది. పడవల్లో తెచ్చే చెత్త నీళ్లలో పడి తమ ఒడ్డుకు కొట్టుకొస్తోందంటూ 1979లో న్యూయార్క్ నగరం మీద కోర్టుకెక్కింది. దీవి వాసులూ ఊరుకోలేదు. ఆ కంపు మధ్య పుట్టి పెరిగిన తరాలు ఏళ్ల తరబడి పోరాడాయి. చివరికి యార్డుని 2001 ఆఖరుకల్లా మూసేయాలంటూ 1996లో చట్టం వచ్చింది. 2001 మార్చి 22న ఆఖరి చెత్త పడవ వచ్చి వెళ్లింది.

హమ్మయ్య అనుకున్నారంతా. ఆర్నెల్లయినా గడవకముందే సెప్టెంబరు 11 వచ్చింది. కూలిపోయిన జంట భవనాల శిథిలాలను జల్లెడ పట్టడానికి అంత విశాలమైన చోటు మరొకటి దొరకలేదు. మూసిన యార్డుని మళ్లీ తెరిచారు. చనిపోయినవారి ఆనవాళ్ల కోసం దాదాపు పది నెలలు పదిలక్షల టన్నులకు పైగా శిథిలాలను వెతికారు. మిగిలిన మట్టిని పడమటి గుట్టలోనే ఉంచేశారు. ‘మావాళ్ల అవశేషాలు చెత్తకుప్పలో ఉండటమేంటి’ అంటూ కొన్ని కుటుంబాలు కోర్టును ఆశ్రయించినా ఫలితం లేకపోయింది. 2010లో సుప్రీంకోర్టు సైతం విచారణకు నిరాకరించింది. అందుకే ఆ గుట్టను పార్కులో ఒక స్మారకంగా తీర్చిదిద్దాలన్నది ప్రణాళిక.

కప్పేస్తే సరిపోదు

చెత్త మీద నాలుగు లారీల మట్టి పోసి మొక్కలు నాటితే పార్కయిపోదా? అవదు. లోపల కుళ్లే చెత్త మీథేన్ వాయువుని పుట్టిస్తూనే ఉంటుంది. దారి లేకపోతే మంటలు, పేలుళ్లు. వాన నీరు లోపలికి దిగితే చెత్తలోని విషాలన్నీ కలిసిన నల్లని రసం ఊరి భూగర్భ జలాల్లో చేరుతుంది. అందుకే ఒక్కో గుట్టకీ పొరలు పొరలుగా దుప్పటి కప్పారు. ముందు మట్టి, దానిపైన వాయువు బయటికొచ్చే పొర, ఆ పైన నీటి చుక్క దిగని ప్లాస్టిక్ పొర, నీరు జారిపోయే ఏర్పాటు, చివరగా రెండడుగులకు పైగా మట్టి. గొట్టాలతో పట్టిన వాయువుని శుద్ధిచేసి ఇళ్లకు ఇంధనంగా అమ్మారు. రసాన్ని అక్కడే ఉన్న ప్లాంటులో శుద్ధి చేస్తారు. చెత్త కుళ్లేకొద్దీ గుట్టలు కుంగుతూనే ఉంటాయి. కాబట్టే ఇన్నేళ్ల ఓపిక.

2003లో జేమ్స్ కార్నర్ సంస్థ ‘ఫీల్డ్ ఆపరేషన్స్’కి పార్కు రూపకల్పన అప్పగించారు. 2012లో అంచున ఉన్న చిన్న పార్కు తెరుచుకుంది. అదే ఏడాది దట్టంగా పెరిగిన రెల్లుని మేయడానికి ఇరవై మేకల్ని తోలుకొచ్చారు! గుట్టల దగ్గరికి జనాన్ని రానిచ్చిన తొలి భాగం, 21 ఎకరాల నార్త్ పార్కు, 2023 అక్టోబరులో గానీ సిద్ధం కాలేదు. మొత్తం పూర్తయ్యేసరికి 2036 అవుతుందని అంచనా.

మనుషులకన్నా ముందే పక్షులు వచ్చేశాయి. మిడతలా కూస్తుంది కాబట్టి ‘గ్రాస్‌హాపర్ పిచ్చుక’ అని పిలిచే అరుదైన పిట్టలు 2015 నుంచీ ఆ గడ్డిలో గూళ్లు కట్టుకుంటున్నాయి. ఇప్పటికి అక్కడ కనిపించిన పక్షి జాతులు రెండొందలకు పైమాటే.

మరి ఆ చెత్త ఎక్కడికెళ్తోంది?

ఇదే అసలు ప్రశ్న. యార్డు మూతపడింది గానీ నగరం చెత్త పారేయడం మానలేదు. రైళ్లలో, లారీల్లో వందల మైళ్లు ప్రయాణించి వర్జీనియా, పెన్సిల్వేనియా లాంటి రాష్ట్రాలకు చేరుతోంది. అంటే ఒక ఊరు పచ్చబడితే ఇంకో ఊరి పక్కన కొండ మొలుస్తోందన్నమాట!

మనకీ ఇది కొత్త కాదు. హైదరాబాద్ శివారు జవహర్‌నగర్‌లో పేరుకున్న దాదాపు కోటీ ఇరవై లక్షల టన్నుల చెత్తను ఇదే పద్ధతిలో కప్పి గడ్డి పెంచారు. 2020లో చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంటూ వచ్చింది. దూరం నుంచి చూస్తే పచ్చని కొండే. కానీ కప్పిన కొండ పక్కకే కొత్త చెత్త వస్తూ ఉండటంతో దుర్వాసన, పాడైన చెరువు నీళ్ల గురించి స్థానికుల గోడు ఆగలేదు. ఇండోర్ మరో దారి పట్టింది. కప్పకుండా, పాత చెత్తనంతా తవ్వి జల్లెడ పట్టి మట్టిని, ప్లాస్టిక్‌ని, రాళ్లని వేరుచేసింది. 13 లక్షల టన్నుల గుట్టను 2018లో ఖాళీచేసి వంద ఎకరాలు వెనక్కి తెచ్చుకుంది. అంతకుముందే ఇంటింటా తడి, పొడి చెత్త వేరుచేయించడం అలవాటు చేసింది కాబట్టి మళ్లీ కుప్ప పడలేదు.

గొలుగొండ లాంటి మండలాల్లో ఇరవై అంతస్తుల చెత్తకొండలు లేవు. ఊరి చివర, గెడ్డ గట్టున పడే కుప్పని చూసి ‘ఇంతేగా’ అనుకోవడం సహజం. 1948లో ఫ్రెష్‌కిల్స్ వాగు ఒడ్డున పడిందీ అంతే! తడి చెత్త ఎరువుగా మారాలని పంచాయతీల్లో ‘చెత్త నుంచి సంపద’ షెడ్లు కట్టింది అందుకే. వంటింట్లో రెండు బుట్టలు పెట్టడానికి పట్టేది రెండు నిమిషాలు. ఆ పని చేయనందుకు న్యూయార్క్ చెల్లించిన మూల్యం... దాదాపు తొంభై ఏళ్లు.