పెద్ద పచ్చికకు విద్యుత్ కోత యంత్రము

నేడు పల్లెలలో పాఠశాల ఆవరణలోను, పంచాయతీ ఉద్యానవనములోను, ఆసుపత్రి ముంగిటను పచ్చిక పెంచుచున్నారు. పెంచుట సులభమే; పెరిగిన దానిని అదుపులో ఉంచుటయే కష్టము. వానాకాలములో గరిక వారము తిరుగక ముందే లేచి నిలుచును. కొడవలితో ఎకరము పచ్చికను సమముగా కోయుట ఎంత శ్రమయో చేసిన వారికే తెలియును. అందుచేత పలువురు విద్యుత్తుతో నడచు కోత యంత్రము కొనదలచుచున్నారు. దానికి పెట్రోలు అక్కర లేదు, పొగ రాదు, చప్పుడు తక్కువ. అయితే కొనుటకు ముందు మీరు మూడు లెక్కలు చూచుకొనవలెను: నేల లెక్క, తీగ లెక్క, మనిషి లెక్క.

నేల లెక్క

యంత్రము ఒక సాలుకు 40 సెంటీమీటర్ల వెడల్పు కోయుననుకొందము. గంటకు 3 కిలోమీటర్ల నడకతో 1,200 చదరపు మీటర్లు తెగవలెను. కాని సాలు మీద సాలు కొంత పడవలెను, చివరలయందు తిరుగవలెను. అందుకు నాలుగవ వంతు తీసివేసినచో మిగులునది 900. ఎకరము 4,047 చదరపు మీటర్లు గనుక కోతకు నాలుగున్నర గంటలు పట్టును. 1,500 వాట్ల యంత్రము అంతసేపు నిండు బలముతో నడచినను 7 యూనిట్లు మించదు.

బ్యాటరీ యంత్రమైనచో లెక్క వేరు. 36 వోల్టుల, 5 ఆంపియర్-గంటల బ్యాటరీలో నిలువ ఉండునది 180 వాట్-గంటలే. 600 వాట్లు తీసికొను యంత్రమును అది 18 నిమిషములు నడుపును. ఆ కాలములో తెగునది సుమారు ఆరున్నర సెంట్లు. ఎకరమునకు అట్టి బ్యాటరీని 15 సార్లు నింపవలసి వచ్చును. కనుక అమ్మువానిని ధర ఒక్కటే గాక వాట్-గంటలు కూడ అడుగవలెను.

తీగ లెక్క

తీగతో నడచు 1,500 వాట్ల యంత్రము 230 వోల్టుల వద్ద ఆరున్నర ఆంపియర్లు తీసికొనును. 0.75 చదరపు మిల్లీమీటర్ల సన్నని రాగి తీగను 100 మీటర్లు లాగినచో సుమారు 32 వోల్టులు దారిలోనే పోవును. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో పోవునది 10 వోల్టులు మాత్రమే. అసలే వోల్టేజి తక్కువగా ఉండు పల్లెలలో సన్న తీగ వాడినచో మోటారు వేడెక్కి కాలిపోవును. తీగను చుట్టగా ఉంచక పూర్తిగా విప్పి వాడవలెను.

మనిషి లెక్క

ఇది అన్నిటికంటె ముఖ్యము. కత్తి క్రింద తీగ పడి తెగినచో, పచ్చిక తడిగా ఉన్నచో, ప్రాణమే పోవచ్చును. ఫ్యూజు తీగను కాపాడును గాని మనిషిని కాపాడదు. 16 ఆంపియర్ల ఫ్యూజు కాలకముందే, అందులో ఎన్నో వంతు విద్యుత్తు మనిషిని చంపగలదు. అందుచేత 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. అను రక్షక స్విచ్చిని తప్పక పెట్టించవలెను. విద్యుత్తు దారి తప్పి భూమిలోనికి పోయిన క్షణములోనే అది సరఫరాను తెంచును. దాని పరీక్ష బొత్తామును అప్పుడప్పుడు నొక్కి చూడవలెను.

వాన తడి, మంచు ఆరిన తరువాతనే కోయవలెను. ముందుగా రాళ్లు, ఇనుప ముక్కలు ఏరివేయవలెను. తీగ ఎల్లప్పుడు కోసిన వైపున, మనిషి వెనుక ఉండవలెను. బూట్లు తొడుగుకొనవలెను, పిల్లలను దరి చేరనీయరాదు. స్విచ్చి ఆపినను కత్తి కొంతసేపు తిరుగును. గడ్డి చిక్కినచో ప్లగ్గు ఊడదీసిన తరువాతనే, బ్యాటరీ యంత్రమైనచో బ్యాటరీ తీసిన తరువాతనే, చేయి పెట్టవలెను.

కోయు తీరు

ఒక్కసారి మూడవ వంతుకు మించి కోయరాదు. గరికను అంగుళమున్నర ఎత్తున ఉంచదలచినచో రెండుంబావు అంగుళములకు రాగానే కోయవలెను. ఆలస్యము చేసి మొదలంట కోసినచో వేరు బలహీనపడి కలుపు తలయెత్తును. ఆకు చివరలు చిరిగి తెల్లబారినచో కత్తి మొద్దుబారినదని గుర్తు. సానబెట్టిన కత్తిని నడుమ రంధ్రముతో మేకునకు తగిలించి చూడవలెను. ఒక వైపు వాలినచో బరువు సరిపడలేదని తెలియును; అట్లే బిగించినచో యంత్రము అదరి మోటారు చెడును. పొట్టి కోతలను పచ్చిక మీదనే వదలిన నత్రజని తిరిగి నేలకు చేరును. పొడుగు కోతలను కంపోస్టు గుంటలో వేయవచ్చును.

యంత్రమును కొనునది పంచాయతీ; పట్టుకొని నడచునది తోటమాలి. కనుక గ్రామాధికారులు కొనుగోలు జాబితా వ్రాయునప్పుడు యంత్రముతోపాటు తగిన తీగను, రక్షక స్విచ్చిని, తోటమాలికి బూట్లను అదే కాగితములో చేర్చవలెను. వీటికి డబ్బు చాలనియెడల యంత్రము కొనుట మరుసటి యేటికి వాయిదా వేయుట మేలు.