కంప్యూటర్‌కు తగిన ఎస్‌ఎంపీఎస్

కంప్యూటర్ క్యాబినెట్‌లో ఒక మూల బిగించి ఉండే రేకు పెట్టె ఎస్‌ఎంపీఎస్. గోడ సాకెట్ నుంచి వచ్చే 230 వోల్టుల ఏసీ కరెంటును అది 12, 5, 3.3 వోల్టుల డీసీగా మారుస్తుంది. నేటి డెస్క్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించే ఏటీఎక్స్ నమూనాను ఇంటెల్ 1995లో తెచ్చింది.

ప్రాసెసర్‌కు, గ్రాఫిక్స్ కార్డుకు వేలు పోసేవారు చాలామంది దీని దగ్గరకు వచ్చేసరికి చేయి బిగిస్తారు. ఇది నష్టం తెచ్చే పొదుపు. నాసిరకం ఎస్‌ఎంపీఎస్ కాలిపోతే మదర్‌బోర్డు కూడా పోవచ్చు.

ఎన్ని వాట్లు కావాలో లెక్కకట్టడం కష్టమేమీ కాదు. కోర్ ఐ5-12400 ప్రాసెసర్ గరిష్ఠంగా 117 వాట్లు, ఆర్‌టీఎక్స్ 4060 కార్డు 115 వాట్లు తీసుకుంటాయి. డిస్కులు, ఫ్యాన్లు, బోర్డు కలిపినా మొత్తం సుమారు 300 వాట్లు. ఉన్నట్టుండి పెరిగే వాడకానికి కొంత వెసులుబాటు ఉంచుకుంటే 550 వాట్లు చాలు. అయితే లేబుల్‌పై పెద్ద అంకెను మాత్రమే నమ్మకూడదు. ప్రాసెసర్‌కూ, గ్రాఫిక్స్ కార్డుకూ కరెంటు ప్రధానంగా 12 వోల్టుల లైను నుంచే అందుతుంది కాబట్టి, ఆ లైను వాట్లే అసలు కొలత. ‘80 ప్లస్’ ముద్ర చెప్పేది కరెంటు వృథా ఎంత తక్కువో మాత్రమే.

గేమ్ మొదలవగానే కంప్యూటర్ దానంతటదే ఆగిపోతుంటే అధిక వేడితో పాటు ఎస్‌ఎంపీఎస్‌నూ అనుమానించాలి. మల్టీమీటర్‌తో చూస్తే 12 వోల్టుల లైను 11.4, 12.6 మధ్య ఉండాలి. అసలు ఆన్ కాకపోతే మొదట పెట్టె వెనుక ఉన్న స్విచ్, తర్వాత 24 పిన్నుల కనెక్టర్, ప్రాసెసర్ పవర్ కేబుల్ పరీక్షించాలి. పెట్టెను మాత్రం విప్పకూడదు. ప్లగ్గు తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన ఛార్జ్ నిలిచి ఉంటుంది.